ఆహారములో కానరాని పాలు – వానిని పట్టి చూపు బయోసెన్సరు



పాడియు పంటయు మన యింటికి రెండు కన్నులని పెద్దలు చెప్పుదురు. బిడ్డ చిక్కినచో పాలు పట్టుమందుము. ఎండనబడి వచ్చినవానికి మజ్జిగ నిత్తుము. అట్టి పాలే యొక బిడ్డకు ప్రాణముమీదికి దెచ్చునని యెవరైన ననినచో మనలో పెక్కుమంది నమ్మరు. కొన్ని సంవత్సరముల క్రిందటివఱకు మేమును నమ్మియుండలేదు. నమ్మవలసి వచ్చిన సంగతిని మొదట మనవి చేసెదము.

మేము పనిచేయు ప్రాంతమున నొక సంఘమువారు ఒకే షెడ్డులో రెండు విధములగు పిండ్లు తయారుచేయుచుండిరి. ఒకటి పాలపొడి కలిపిన రాగిమాల్టు. రెండవది పాలు కలుపని చిరుధాన్యముల పిండి. రెండు పిండ్లకును రెండు కలుపుయంత్రములు కొనవలయునా యని వారు మమ్ము నడిగిరి. "అంత ఖర్చు ఎందులకు? ఒకే యంత్రమును శుభ్రముగా తుడిచి వాడుకొనుడు" అని మేము సలహా నిచ్చితిమి. వారట్లే చేసిరి. రెండవ పిండి పొట్లములపై "పాలు లేవు" అని అచ్చువేయించిరి.

ఒకనాడు పాలు పడని మూడేండ్ల పిల్లవానికి వాని తల్లి ఆ రెండవ పిండితో జావ కాచి పట్టెను. పావుగంట గడువకముందే వాని యొడలెల్ల దద్దుర్లు లేచెను. పెదవులు వాచెను. ఆయాసము పుట్టెను. ఆటోలో ఆసుపత్రికి గొనిపోయి సూదిమందు వేయించిన పిమ్మట బిడ్డ దక్కెను. మఱునాడు ఆ తల్లి మా కడకు వచ్చి, "అయ్యా! పొట్లముమీద వ్రాసినది చదివియే గదా పట్టితిని. ఇంక నేనేమి చూడవలసియుండెను?" అని యడిగెను. ఆ ప్రశ్నకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఈ పాఠమంతయు ఆ ప్రశ్నకు బదులే.

1. పాలు పడకపోవుట యన నేమి?

మొదట రెండు వేఱువేఱు బాధలను కలిపివేయకుండవలెను. పాలలో లాక్టోజు అను చక్కెర కలదు. దానిని జీర్ణించుకొను శక్తి కొందఱికి తక్కువగా నుండును. అట్టివారికి కడుపుబ్బరము, విరేచనములు కలుగును. బాధయేగాని ప్రాణాపాయము కాదు. మేము చెప్పబోవునది ఇది కాదు.

రెండవది మాంసకృత్తులవలన కలుగునది. దీనినే వైద్యులు ఎలర్జీ యందురు. ఈ మాటను 1906లో వియన్నా నగరపు వైద్యుడు క్లెమెన్సు ఫాన్ పిర్కే కల్పించెను. ఆవుపాలలో నూటికి మూడు వంతులకు కొంచెము మించి మాంసకృత్తులుండును. వానిలో సుమారు అయిదింట నాలుగు వంతులు కేసీను. పాలు తోడుకొని పెరుగైనపుడు గట్టిపడునది ఇదియే. మిగిలిన వంతు, విఱిగిన పాలనుండి వేఱుపడు తేటనీటిలో నుండును. అందు ముఖ్యమైనది బీటా-లాక్టోగ్లోబ్యులిను. ఇది తల్లిపాలలో నుండనిది.

మన దేహము రోగక్రిములను ఎదుర్కొనుటకు ప్రతిరక్షకములను పుట్టించును. కొందఱు బిడ్డల దేహము పాలలోని మాంసకృత్తును కూడ శత్రువని పొరబడి, దానిపై ఒక జాతి ప్రతిరక్షకములను సిద్ధపఱచుకొనును. మఱల ఆ మాంసకృత్తు లోపలికి పోగానే హిస్టమిను మొదలగు పదార్థములు ఒక్కుమ్మడిగా వెలువడును. దద్దుర్లు, వాపు, వాంతి, పిల్లికూతలతోడి ఆయాసము, తుదకు స్పృహ తప్పుట – ఇవి వాని గుర్తులు. ఊపిరి కష్టమైనపుడు ఇంటిలో చిట్కాలు చేయుచు కాలము పుచ్చరాదు. వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను. తొడకు వేయు అడ్రినలిను సూదిమందే దీనికి మొదటి చికిత్స.

ఇచ్చట మన యిండ్లలో తఱచుగా జరుగు మూడు పొరపాట్లను చెప్పుట అవసరము. పాలు బాగుగా కాచినచో దోషము పోవునని కొందఱందురు. కేసీను కాగుటకు తట్టుకొనును గనుక ఆ మాట నమ్మదగినది కాదు. ఆవుపాలు పడనిచో గేదెపాలో మేకపాలో పట్టవచ్చునని కొందఱందురు. ఈ మూటి మాంసకృత్తులును ఒండొంటిని మిక్కిలి పోలియుండుటచే, ఒకటి పడనివారికి తక్కినవియు తఱచుగా పడవు. నేతిలో వెన్నయే గాని పాలు లేవని కొందఱందురు. నేతిలోను మాంసకృత్తుల జాడలు మిగిలియుండవచ్చును. లాక్టోజు తీసివేసిన పాలు సైతము ఈ బిడ్డలకు పనికిరావు.

2. ఎంత పాలు చాలును?

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు కూర్చిన నిపుణుల సంఘమువారు 2022లో ప్రచురించిన నివేదికలో, ఒక పూట ఆహారమునకు 2 మిల్లీగ్రాముల పాల మాంసకృత్తును కొలబద్దగా సూచించిరి. పాలు పడనివారిలో పెక్కుమందికి అంతకు లోబడినచో బాధ కలుగదని వారి యెంచిక. కొందఱికి అంతకన్న తక్కువయు చాలును. 2 మిల్లీగ్రాములనగా, చుక్కలలో చెప్పినచో, ఒకటి రెండు చుక్కల పాలు మాత్రమే.

ఇప్పుడు మన షెడ్డులోని లెక్క చూతము. యంత్రపు మూలలలో ఒక చెంచాడు, అనగా 5 గ్రాముల వెన్నతీసిన పాలపొడి అంటియుండెననుకొందము. అందు మాంసకృత్తు మూడవ వంతునకు కొంచెము మించి, సుమారు 1750 మిల్లీగ్రాములుండును. అది 100 కిలోల పిండిలో సమముగా కలిసినచో కిలోకు 17½ మిల్లీగ్రాములు వచ్చును. బిడ్డ జావకు 20 గ్రాముల పిండి వాడినచో దాని వంతు మూడవ వంతు మిల్లీగ్రాము మాత్రమే. ఇది కొలబద్దకు లోపలనే యున్నది.

కాని యంత్రములో మొదట పోసిన పిండియే అంటిన పొడిని ఊడ్చుకొని వచ్చును. ఆ చెంచాడు పొడియు మొదటి 5 కిలోల పిండిలోనే చిక్కినదనుకొనుడు. అపుడు కిలోకు 350 మిల్లీగ్రాములు. 20 గ్రాముల పిండిలో 7 మిల్లీగ్రాములు. ఇది కొలబద్దకు మూడింతలు మించినది. పిండి అదే, పొడి అదే, షెడ్డు అదే. పొట్లమును బట్టి ఒక బిడ్డ సుఖముగా నిదురించును, ఒక బిడ్డ ఆసుపత్రి పాలగును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దీనితో ముందు పని యున్నది.

3. బయోసెన్సరు అన నేమి?

కిలో పిండిలో కొలది మిల్లీగ్రాములను కన్ను చూడలేదు, నాలుక ఎఱుగలేదు. ప్రయోగశాలలయందు 1971 మొదలు వాడుకలోనికి వచ్చిన ఎలైసా అను పరీక్ష వానిని పట్టగలదు. కాని అందుకు గంటల కాలమును, శిక్షణ పొందిన మనిషియు కావలయును. అదే పనిని చిన్న పరికరముతో నిమిషములలో చేయుటకు పుట్టినదే బయోసెన్సరు.

దీనికి రెండు భాగములు. మొదటి భాగము గుర్తుపట్టునది. రెండవది గుర్తుపట్టినట్లు మనకు తెలుపునది. సాయంకాలము మంద ఊరు చేరునపుడు నూఱు ఆవులలో దూడ తన తల్లినే పోల్చుకొని పరుగెత్తును. దాని మెడలోని గంట మ్రోగును. చీకటిలో మనము దూడను చూడకున్నను గంట విని సంగతి గ్రహింతుము. బయోసెన్సరులో దూడవంటిది ప్రతిరక్షకము. గంటవంటిది విద్యుత్తో, వెలుతురో.

ఈ యుపాయము మీకు క్రొత్తది కాదు. మధుమేహమున్నవారు వ్రేలికొనను పొడిచి, రక్తపుబొట్టు పట్టీకి తగిలించి, చిన్న యంత్రములో చక్కెర అంకె చూచుకొందురు గదా. అదియు బయోసెన్సరే. దానికి మూలమైన ఆలోచనను 1962లో అమెరికాలో లీలండు క్లార్కు, ఛాంప్ లయన్సు అనువారు ప్రకటించిరి. అందు చక్కెరను గుర్తుపట్టునది ఒక ఎంజైము. పాల మాంసకృత్తును గుర్తుపట్టుటకు ఎంజైమునకు బదులు ప్రతిరక్షకమును నిలుపుదురు. ఒకే గుఱిగల ప్రతిరక్షకములను కోరినంత తయారుచేయు మార్గమును 1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జియందు కోలరు, మిల్‌స్టైను కనిపెట్టిరి. అందులకై వారికి 1984లో నోబెలు బహుమానము వచ్చెను.

బిడ్డను బాధించునదియు ప్రతిరక్షకమే, బిడ్డను కాచు పరికరములో నుండునదియు ప్రతిరక్షకమే యని చదువరులు గమనింపవలెను. మొదటిది బిడ్డ రక్తములో నుండి కీడు చేయుచుండగా, రెండవది పట్టీమీద నుండి హెచ్చరించుచున్నది.

గంటలు పలువిధములు. కొన్నిటిలో పలుచని బంగారు రేకుపై ప్రతిరక్షకములను అతికింతురు. మాంసకృత్తు వచ్చి దానికి తగులుకొనగానే రేకుమీద పడిన వెలుతురు తిరిగివచ్చు తీరు మాఱును. ఈ పద్ధతిని 1983లో స్వీడను దేశీయులు చూపిరి. కొన్నిటిలో విద్యుత్తు మాఱును. కొన్నిటిలో రంగుగీత కనబడును. గర్భపరీక్ష పట్టీవంటి ఈ రంగుగీత పట్టీలు బయోసెన్సరునకు చెల్లెండ్రవంటివి. పాల మాంసకృత్తునకై చేసినవియు గలవు.

4. బోస్టనునందు చేసిన యొక పరికరము

2017లో అమెరికాలోని బోస్టను నగరమున మాసచూసెట్సు జనరల్ ఆసుపత్రి పరిశోధకులు తాళపుగుత్తికి తగిలించుకొనదగిన చిన్న పరికరమును ప్రకటించిరి. అది పాల కేసీనును, గ్రుడ్డు, వేరుసెనగ, గోధుమ, హేజెలు గింజల మాంసకృత్తులను పది నిమిషములలోపల పట్టుచుండెను. దాని ఖర్చు 40 డాలర్లని వారు తెలిపిరి. అది పరిశోధకులు చేసి చూపిన నమూనాయే గాని సంతలో దొరకు సరుకని తలపరాదు. అయినను అది పనిచేయు క్రమము తెలిసికొనదగినది.

మొదట ఆహారపు చిన్న తునకను ఒక ద్రవములో కలిపి, అందలి మాంసకృత్తులను ద్రవములోనికి దింపుదురు. తరువాత సూక్ష్మమైన అయస్కాంతపు పూసలను వేయుదురు. పూసల మీద ప్రతిరక్షకము లుండును. కేసీను ఉన్నచో వానికి తగులుకొనును. అయస్కాంతముతో పూసలను ఒక ప్రక్కకు లాగి, మిగిలినదానిని తొలగింతురు. ఇది రాళ్లు మిగులునట్లు బియ్యము గాలించుటవంటిది. తరువాత రెండవ ప్రతిరక్షకము కేసీనునకు అంటుకొనును. దాని వెంటనుండు ఎంజైము విద్యుత్తు పుట్టించును. విద్యుత్తు ఎంత ఎక్కువయో కేసీను అంత ఎక్కువ.

5. ఈ పరీక్ష ఎచ్చట తప్పును?

పరికరము నిజమే చెప్పును. కాని తనకు పెట్టిన చిటికెడు పిండిని గూర్చియే చెప్పును. ఇంకను నాలుగు జాగ్రత్తలు గలవు.

మొదటిది, పాకములో మాడిన, బాగుగా కాలిన పదార్థములలో మాంసకృత్తు ఆకారము మాఱును. ప్రతిరక్షకము దానిని పోల్చుకొనలేకపోవచ్చును. బిడ్డ దేహము మాత్రము పోల్చుకొనవచ్చును.

రెండవది, చాకొలెట్టు మొదలగువానిలోని వగరు పదార్థములు మాంసకృత్తును పట్టి దాచును. మన రాగులలోను వగరు కలదు. కావున తెలిసిన కొలత పాలపొడిని మన పిండిలోనే కావలెనని కలిపి, పరీక్ష దానిని పట్టుచున్నదో లేదో మొదట చూడవలెను. పట్టనిచో ఆ పరీక్ష మన పిండికి పనికిరాదు.

మూడవది, రంగుగీత పట్టీలలో పాలు మఱీ ఎక్కువైనను గీత రాకపోవచ్చును. ప్రతిరక్షకములన్నియు ఎదుటికి వచ్చిన మాంసకృత్తుతో నిండిపోయి, గీతను కట్టవలసిన జోడింపు జరుగకపోవుటయే దీనికి కారణము. అనుమానమున్నచో నమూనాను నీటితో పలుచన చేసి మఱల చూడవలెను.

నాలుగవది, పెక్కు పరీక్షలు ఆవుపాలను దృష్టిలో నుంచుకొని చేసినవి. మన యిండ్లలో గేదెపాలే హెచ్చు. గేదెపాలను గూడ పట్టునో లేదో కొనునపుడే అడిగి, మన గేదెపాలతో సరిచూచుకొనవలెను.

6. నమూనా తీయు విధము

పొలములో మట్టి నమూనా తీయుటను మేము మీకు నేర్పియున్నాము. పలుచోట్ల మట్టి తీసి, కుప్పచేసి, నాలుగు భాగములుగా పంచి, ఎదురెదురు భాగములను తీసివేయుచు, తుదకు అరకిలో మిగుల్చుదుము. పొలమంతటికి ఎంత ఎరువు వేయవలెనో తెలియుటకు ఇది చక్కని పద్ధతి. ఏలయన మనకు కావలసినది పొలము సగటు.

పిండి విషయమున ఈ పద్ధతియే మోసము చేయును. బిడ్డ సగటు పిండిని త్రాగడు, తన పొట్లములోని పిండినే త్రాగును. మీదు లెక్కలోని 100 కిలోలను కలిపి పంచి పరీక్షించినచో కిలోకు 17½ మిల్లీగ్రాములే కనబడును. జావకు లెక్కకట్టి, భయము లేదందుము. మొదటి పొట్లములోని 350 సగటులో మునిగిపోవును.

మా షెడ్డులో జరిగినదియు నిదియే. ఆసుపత్రి సంగతి తెలిసిన పిమ్మట మిగిలిన పొట్లములను ప్రయోగశాలకు పంపితిమి. ఆ తల్లి కొనిన పొట్లమున పాల మాంసకృత్తు బయటపడెను. అదే నాడు మధ్యాహ్నము కట్టిన పొట్లమున కనబడలేదు. ఆమెకు దొరకినది ఉదయమున మొదట కట్టినవానిలో నొకటి.

కావున పిండి నమూనాలను కలుపరాదు. యంత్రము మార్చిన వెంటనే వచ్చిన మొదటి పిండినుండి ఒకటి, నడిమినుండి ఒకటి, కడపటినుండి ఒకటి తీసి, వేఱువేఱుగా పేరువ్రాసి, వేఱువేఱుగా పరీక్షింపవలెను. పిండికి ముందు యంత్రమును కడిగిన కడపటి నీటిని, మూలలను తుడిచిన తడి దూదిని పరీక్షించుట ఇంకను మేలు. కీడు పొట్లములోనికి పోకముందే దొరకును.

7. మన సంఘములు చేయదగిన పనులు

పరికరము లేకున్నను నేడే మొదలుపెట్టదగినవి కొన్ని గలవు.

(1) పాలు కలుపని సరుకును ఉదయమున మొదట చేయుడు. పాలపొడి సంచి దాని తరువాతనే విప్పుడు.

(2) జల్లెడ, చేట, చెంచాలు, సంచులు, త్రాసుపళ్లెము – వీనిని రెండు సరుకులకును వేఱుగా నుంచి, రంగు పూసి గుర్తుపెట్టుడు.

(3) పొడిగుడ్డతో తుడుచుట చాలదు. గాలి ఊదుట మఱియు చెడ్డది, పొడి ఎగిరి అంతట పడును. యంత్రమును విప్పి, వేడినీటితోను సబ్బుతోను కడిగి, ఆఱబెట్టుడు.

(4) కొన్న సరుకు సంచులపై నున్న వ్రాతను చదువుడు. ఇతరులు కలిపి అమ్మిన మసాలాలలోను, రుచిపొడులలోను పాలపొడి యుండవచ్చును.

(5) మన దేశపు ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2020లో చేసిన లేబులు నిబంధనల ప్రకారము, పాలు కలిసిన సరుకుపై ఆ సంగతిని వేఱుగా ముద్రింపవలెను. కలుపకున్నను తాకు అవకాశమున్నచో "పాలు ఉండవచ్చును" అని ముద్రించుటకు వీలు కలదు. అట్లని కడుగుట మాని ఆ మాట చాటున దాగుట న్యాయము కాదు.

(6) "పాలు లేవు" అను మాటను, పై మూడు నమూనాలు పరీక్షలో తేలువఱకు ఏ పొట్లముపైనను వేయకుడు. ఒక్కొక్క సంఘమునకు పరీక్షల ఖర్చు భారమైనచో నాలుగు సంఘములు కలిసి భరింపవచ్చును. ఇట్టి పనులకే గదా మనము సహకారమను పేరు పెట్టుకొంటిమి.

మా సలహావలన చెడిన షెడ్డులో ఇప్పుడు రెండు కలుపుయంత్రములున్నవి. రెండవదాని ధర సంఘపు చిట్టాలో నున్నది. మొదటి దినములలో దానిని దండుగయని మేమే అంటిమి. ఆ తల్లి యడిగిన ప్రశ్నకు ఇప్పుడు బదులు చెప్పగలము: "అమ్మా! నీవు చూడవలసినది నీవు చూచితివి. పొట్లముమీది యక్షరములకంటె ఎక్కువ చూచుట నీ తరము కాదు. ఆ యక్షరముల వెనుక నున్నదానిని చూడవలసినవారము మేము."

పొరుగింటి బిడ్డ మన పిండిని నమ్మి త్రాగును. ఆ నమ్మకమును చెడగొట్టకుండుటకు చెంచాడు పొడియైనను చిన్నది కాదని ప్రతి సభ్యుడును తెలిసికొనుగాక.

రాబోవు సంఘసమావేశమున చర్చించుటకు ప్రశ్నలు:

1. మన షెడ్డులో పాలు తాకిన ఏ పనిముట్టు పాలు లేని సరుకును గూడ తాకుచున్నది?

2. మట్టి నమూనాను కలిపి తీయుట ఏల మంచిది? పిండి నమూనాను కలిపి తీయుట ఏల చెడ్డది?

3. పట్టీపై గీత రాలేదు. "పాలు లేవు" అని వెంటనే వ్రాయవచ్చునా? వ్రాయుటకు ముందు ఏమేమి చూడవలెను?